ఈగల సీసా చెప్పిన నిజం

ఇల్లలుకుతూ అలుకుతూ తన పేరు మరిచిపోయిన ఈగ కథ మనందరికీ తెలుసు. అమ్మమ్మ దగ్గరో, అంగన్‌వాడీలోనో విన్నదే. పాపం ఆ ఈగ కనిపించిన వాళ్లందర్నీ తన పేరు అడుగుతూ తిరుగుతుంది. కథలో ఈగ పేరు మరిచిపోతే మరిచిపోయింది గానీ, మన హాస్టల్ ఈగ మాత్రం ఒక్క సంగతి మరిచిపోదు. చెత్తగుంట నుంచి, మరుగుదొడ్డి నుంచి మన కంచం దాకా దారి దానికి బాగా తెలుసు.

పోయిన ఆగస్టులో మన హాస్టల్లో చాలామందికి విరేచనాలు పట్టుకున్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. నా పక్క మంచం తమ్ముడు, నాలుగో తరగతి వాడు, అందరికంటే ఎక్కువ నీరసపడ్డాడు. రాత్రి వానలో జీపులో ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయారు. రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. వాళ్ల నాన్న కొండ దిగి నడిచి వచ్చి, వాడి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు గానీ ఒక్క మాట మాట్లాడలేదు. "చదువుకోమని పంపితే ఇలా అయిందేంటి బాబూ" అని చివరికి నన్ను అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఏఎన్ఎం మేడం వచ్చినప్పుడు మూడు మాటలు చెప్పారు. "నీళ్లు, చేతులు, ఈగలు. ఈ మూడూ చూసుకోండి" అన్నారు. నీళ్లు కాచి చల్లార్చి తాగడం మొదలైంది. చేతులకు సబ్బు వచ్చింది. ఈగల సంగతే ఎవరూ పట్టించుకోలేదు. తమ్ముడు తిరిగి వచ్చాక ఒకరోజు అన్నం ముందు కూర్చుని, కంచం మీద వాలిన ఈగను చూస్తూ నన్ను అడిగాడు. "అన్నా, ఇది ఇంత చిన్నది కదా, నన్నెలా పడేసింది?"

వాడికి జవాబు చెబుదామని సైన్సు సార్‌ను అడిగి, పుస్తకాలు చూసి, కొన్ని పనులు మేమే చేసి చూసి ఈ వ్యాసం రాస్తున్నాం.

ఈగ ఎలా తింటుంది?

ఈగకు పళ్లు లేవు. గట్టి పదార్థం కొరకలేదు. దాని నోరు నీళ్లు పీల్చే స్పాంజిలాగా ఉంటుంది. మరి బెల్లం ముక్క మీద వాలినప్పుడు ఏం చేస్తుంది? తన నోట్లోంచీ కడుపులోంచీ కొంచెం ద్రవం దాని మీద కక్కుతుంది. ఆ తడికి బెల్లం కరిగితే దాన్ని పీల్చుకుంటుంది. అంతకుముందు అది దేని మీద వాలి ఏం పీల్చిందో, అందులో కొంత ఇప్పుడు మన బెల్లం మీదికి వచ్చిందన్నమాట. తింటున్న చోటే రెట్ట కూడా వేస్తుంది. గోడ మీద, లైటు తీగ మీద కనబడే నల్ల చుక్కలు అవే.

దాని కాళ్ల సంగతి ఇంకోటి. ఈగ రుచి చూసేది కాళ్లతో కూడా. అందుకే ముందు వాలి చూస్తుంది. కాళ్ల నిండా సన్నని వెంట్రుకలు, చివర్న జిగురు మెత్తలు ఉంటాయి. అద్దం మీద కూడా జారకుండా నడిచేది వాటి వల్లే. ఆ వెంట్రుకలకూ జిగురుకూ కంటికి కనబడని మలినం అంటుకుంటుంది. విరేచనాలు, రక్త విరేచనాలు, కలరా, టైఫాయిడ్ క్రిములు ఇలా ప్రయాణం చేస్తాయి. కళ్లకలక, కంటి పుసి కూడా ఒక పిల్ల కంటి నుంచి ఇంకో పిల్ల కంటికి ఈగల మీద కూడా పోగలదు.

ఇంటి ఈగ మనల్ని కుట్టదు, రక్తం తాగదు. పశువుల్ని పట్టి పీడించే జోరీగ వేరు. కుట్టదు కాబట్టే మనకు ఇంటి ఈగ అంటే భయం లేదు. అదే తప్పు.

కాళ్లకు సున్నం అంటిన ఈగలు

సార్ చెప్పిన ఒక సంగతి మాకు బాగా నచ్చింది. 1898లో అమెరికాకూ స్పెయిన్‌కూ యుద్ధం జరిగింది. అమెరికా సైనికుల శిబిరాల్లో టైఫాయిడ్ విపరీతంగా వచ్చింది. యుద్ధంలో తూటాలకు చచ్చినవాళ్ల కంటే రోగాలతో చచ్చినవాళ్లే ఎక్కువ. కారణం తెలుసుకోమని వాల్టర్ రీడ్ అనే డాక్టరునూ ఇంకో ఇద్దర్నీ పంపారు. ఆ శిబిరాల్లో మలం గుంటల మీద సున్నం చల్లేవారు. డాక్టర్లు భోజనాల డేరాలోకి వెళ్లి చూస్తే, సైనికుల అన్నం మీద తిరిగే ఈగల కాళ్లు తెల్లగా ఉన్నాయి! ఆ సున్నం ఎక్కడిదో వేరే చెప్పక్కర్లేదు కదా.

మిత్రులారా, సైనికుల శిబిరమైనా మన హాస్టలైనా ఒకటే. చాలామంది ఒకే చోట తింటారు, ఒకే చోట పడుకుంటారు, ఒకే వరసలో ఉన్న మరుగుదొడ్లకు వెళతారు. ఒకరికి వచ్చింది నలుగురికి రావడానికి ఈగకు అట్టే సేపు పట్టదు.

ఈగ ఎలా పుడుతుంది?

కుళ్లులోంచి పురుగులు వాటంతటవే పుడతాయని మా ఊళ్లో ఇప్పటికీ అంటారు. పూర్వం అన్ని దేశాల్లోనూ అలాగే అనుకునేవారు. 1668లో ఇటలీ దేశంలో ఫ్రాన్సిస్కో రెడి అనే ఆయన మాంసం ముక్కల్ని పాత్రల్లో పెట్టాడు. కొన్నిటికి మూత లేదు, కొన్నిటికి పల్చటి గుడ్డ కట్టాడు. మూత లేనివాటిలోనే పురుగులు వచ్చాయి. గుడ్డ కట్టినవాటిలో మాంసం కుళ్లింది గానీ పురుగు పుట్టలేదు.

మేమూ చేసి చూశాం. సంతలో తెచ్చిన చేప తల రెండు ముక్కలు చేసి రెండు కొబ్బరి చిప్పల్లో పెట్టాం. ఒకదానికి పాత పంచె ముక్క గట్టిగా కట్టాం. మూడో రోజుకి తెరిచి ఉన్న చిప్పలో తెల్లటి పురుగులు కిలబిలమన్నాయి. గుడ్డ కట్టిన దాంట్లో వాసన తప్ప ఏమీ లేదు. మూత అంటే ఏమిటో ఆరోజు మాకు తెలిసింది.

ఈగ బతుకు ఇలా నడుస్తుంది. ఆడ ఈగ తడిగా, కుళ్లుతూ ఉన్న చోట చూసి ఒక్కోసారికి 100 దాకా గుడ్లు పెడుతుంది. బతికినన్నాళ్లలో ఇలా 500 దాకా పెట్టగలదు. ఒక్క రోజు లోపే గుడ్డు పగిలి తెల్లటి పురుగు వస్తుంది. అది నాలుగైదు రోజులు తిని బలిసి, పక్కనున్న పొడి మట్టిలోకి పాకి, గోధుమ రంగు గింజలాంటి గూడు కట్టుకుంటుంది. ఇంకో మూడు నాలుగు రోజులకు అందులోంచి రెక్కలతో ఈగ బయటికి వస్తుంది. ఎండలు బాగా ఉంటే గుడ్డు నుంచి ఈగ దాకా మొత్తం 7 నుంచి 10 రోజులు. చలికాలంలో ఇంకా ఎక్కువ పడుతుంది.

ఈ 7 రోజులు అన్న లెక్కను గుర్తు పెట్టుకోండి. ముందు ముందు పనికొస్తుంది.

ఈగల సీసా తయారుచేసే పద్ధతి

కావలసినవి: నీళ్లదో కూల్‌డ్రింకుదో ఖాళీ ప్లాస్టిక్ సీసా (లీటరుది గానీ రెండు లీటర్లది గానీ), కత్తి, కొంచెం దారం లేదా టేపు, ఎర.

1. సీసా మూత తీసేయండి. మెడ కింద, వంపు అయిపోయి తిన్నగా మొదలయ్యే చోట చుట్టూ కోయండి. కోసేటప్పుడు చిన్నవాళ్లు పెద్దవాళ్ల సాయం తీసుకోవాలి.

2. కోసిన పై ముక్కను తలకిందులు చేసి, కింది ముక్కలో గరాటులాగా దింపండి. అంచులు రెండూ కలిపి టేపు వేయండి, లేదా రంధ్రాలు చేసి దారంతో కుట్టండి. అంచుల దగ్గర ఈగ పట్టేంత సందు ఉండకూడదు.

3. ఎరను అడుగున మూడు వేళ్ల ఎత్తు పోయండి. గరాటు మూతికీ ఎరకూ మధ్య కనీసం రెండు మూడు వేళ్ల ఖాళీ ఉండాలి. మూతి మునిగితే ఈగ లోపలికి పోలేదు.

4. ఎరలో రెండు చుక్కల సబ్బు నీళ్లు కలపండి. మామూలు నీళ్ల మీద ఈగ తేలి మళ్లీ లేస్తుంది. సబ్బు కలిస్తే నీటి పైపొర పట్టు తగ్గి మునిగిపోతుంది.

5. దారం కట్టి మోకాలెత్తులో వేలాడదీయండి, లేదా నేల మీదే రాళ్ల మధ్య పెట్టండి.

ఇది ఎలా పనిచేస్తుంది? వాసన గరాటు మూతిలోంచి బయటికి వస్తుంది. ఈగ ఆ వాసన పట్టుకుని గరాటు గోడ మీద నడుస్తూ లోపలికి దిగుతుంది. బయటికి పోవాలనుకున్నప్పుడు మాత్రం వాసనను పట్టించుకోదు. వెలుతురు వైపు, పైకి ఎగురుతుంది. చుట్టూ సీసా గోడంతా వెలుతురే. దారి మాత్రం మధ్యలో వేలాడే చిన్న రంధ్రం. ఆ సంగతి దానికి అందదు. గోడకు కొట్టుకుని కొట్టుకుని నీళ్లలో పడుతుంది.

ఈ వెలుతురు కిటుకునే 1970లలో ఆఫ్రికాలో, ఇప్పటి జింబాబ్వేలో మరుగుదొడ్లకు వాడారు. గుంట నుంచి కప్పు పైకి ఒక గొట్టం పెట్టి, దాని పైన సన్నటి జాలీ కడతారు. దొడ్డి లోపల చీకటిగా ఉంచుతారు. గుంటలో పుట్టిన ఈగలు గొట్టం పైన కనబడే వెలుతురు వైపు ఎగిరి జాలీ దగ్గర చిక్కుకుని చస్తాయి. జాలీ చిరిగిందా, మొత్తం పని చెడిపోయినట్టే. మన ఊళ్లలో గుంట మరుగుదొడ్లకు గొట్టాలు ఉన్న చోట పైన జాలీ ఉందో లేదో ఒకసారి చూడండి.

ఎర ఏది మంచిది?

మేం నాలుగు రకాలు చూశాం.

బెల్లం నీళ్లు: అప్పుడే కలిపినవి పెద్దగా పనిచేయవు. రెండు మూడు రోజులు పులిస్తే ఈగలు వస్తాయి.

కుళ్లిన అరటిపండు, పనస తొనల పీచు: బెల్లంతో కలిపి నానబెడితే చాలా బాగుంటుంది. పనస కాలంలో ఖర్చు లేదు.

చేపలు కడిగిన నీళ్లు, ఎండుచేపల తలలు: అన్నిటికంటే ఇదే గట్టిది. వాసన మాత్రం భరించలేం.

నానబెట్టిన ఇప్పపువ్వు: ఇంటి నుంచి ఒకడు గుప్పెడు తెచ్చాడు. తీపి ఎక్కువ కాబట్టి తొందరగా పులిసి ఈగల్ని బాగా లాగింది. వార్డెన్ సార్ సీసా మూతి వాసన చూసి "ఇది ఈగలకేనా?" అని అడిగారు. ఈగలకేనండి అని అందరం ఒట్టు పెట్టాం.

ఒక జాగ్రత్త చెప్పాలి. మొదట్లో తియ్యటి బెల్లం పాకం పెడితే సాయంత్రానికి సీసాలో ఈగలతోపాటు తేనెటీగలు కూడా పడి ఉన్నాయి. మనలో చాలామంది నాన్నలు, మామలు కొండల్లో తేనె తీసి గిరిజన సహకార సంస్థకు అమ్ముకునేవాళ్లే. తేనెటీగను చంపితే మన చేతిని మనం కొట్టుకున్నట్టే. పైగా పాదుల్లో పువ్వు కాయ అయ్యేది తేనెటీగ తిరిగితేనే. అందుకని బయట పెట్టే సీసాల్లో పాకం మానేసి చేప నీళ్లే పోస్తున్నాం. చేప వాసనకు తేనెటీగ రాదు.

మేం చేసిన తప్పులు

మొదటి తప్పు పెద్దది. సీసా తయారుకాగానే సంబరంగా తీసుకుపోయి భోజనాల గది గుమ్మానికి వేలాడదీశాం. ఈగలు అక్కడే ఎక్కువ కదా అనుకున్నాం. మర్నాటికి భోజనాల గదిలో ఈగలు ముందటికంటే ఎక్కువయ్యాయి! వంట అక్కలు మమ్మల్ని తిట్టారు. తిట్టాల్సిందే. చేప వాసన పెట్టి ఊళ్లో ఈగలన్నిటినీ అన్నానికి పిలిచినట్టయింది. సీసా ఎప్పుడూ గదికి దూరంగా, కనీసం ఇరవై ముప్పై అడుగుల అవతల, ఈగలు పుట్టే చోటికీ మనం తినే చోటికీ మధ్యలో ఉండాలి. అవి మన దగ్గరికి రాకముందే దారిలో ఆపాలి.

రెండో తప్పు, నీళ్లు నింపిన పాలిథిన్ సంచులు. రోడ్డు పక్క హోటళ్లలో గుమ్మానికి కడతారు, చూసే ఉంటారు. ఈగలు భయపడి పారిపోతాయంటారు. మేమూ నాలుగు కట్టాం. రెండు రోజుల తర్వాత చూస్తే సంచి కట్టిన తాడు మీదే వరసగా కూర్చున్నాయి.

మూడోది, జిగురు కాగితాలు. ముదురు బెల్లం పాకంలో ఆముదం కలిపి కాగితం పట్టీలకు పూసి గదిలో వేలాడదీశాం. ఈగలు అంటుకున్నాయి, నిజమే. కానీ ఒక్క రోజులో దుమ్ము పట్టి ఎండిపోయింది, చీమలు వరస కట్టాయి, ఒక బల్లి పిల్ల కూడా అంటుకుంది. బల్లి రోజూ ఈగల్ని తినే మన స్నేహితుడు. దాన్ని నూనెతో మెల్లగా విడిపించాం. ఆ పట్టీలు మానేశాం.

మందు కొట్టేస్తే పోదా అని కొందరు అడిగారు. వంటశాలలో, పడకల దగ్గర పురుగుమందు కొట్టడం మనకే ప్రమాదం. పైగా ఈగలు మందుకు అలవాటు పడిపోతాయి. డీడీటీ వాడకం మొదలైన కొద్ది ఏళ్లకే, 1940లలోనే, దానికి చావని ఈగలు బయల్దేరాయి. చావకుండా మిగిలినదే మళ్లీ గుడ్లు పెడుతుంది కదా.

నాలుగు సీసాలు – ఒక నిజం

ఇక అసలు సంగతికి వస్తాను. తప్పులన్నీ దిద్దుకున్నాక నాలుగు సీసాలు, ఒకే సైజువి, ఒకే ఎరతో నాలుగు చోట్ల పెట్టాం. ఒకటి మరుగుదొడ్ల వెనక. రెండోది వంటశాల వెనక గంజి పారే కాలువ దగ్గర. మూడోది ప్రహరీ మూల చింతచెట్టు కింద. నాలుగోది కూరగాయల పాదుల దగ్గర. వారం తర్వాత ఏ సీసాలో ఎక్కువ పడతాయో పందెం వేసుకున్నాం. సగం మంది మరుగుదొడ్లు అన్నారు. సగం మంది గంజి కాలువ అన్నారు. గంజి కాలువ అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. నిజం చెప్పాలంటే, వంట అక్కలు సరిగ్గా శుభ్రం చేయకపోవడం వల్లే తమ్ముడికి అలా అయిందని ఆగస్టు నుంచీ నా మనసులో ఉంది. బయటికి కూడా అన్నాను.

వారం తర్వాత సీసాలు తీసి, సబ్బు నీళ్ల బకెట్లో ముంచి, పుల్లతో ఈగల్ని కుప్పలు పెట్టి లెక్కపెట్టాం. అన్నిటికంటే పెద్ద కుప్ప చింతచెట్టు సీసాది. మిగతా మూడూ కలిపినా దానంత లేదు.

చింతచెట్టు కింద ఏముంది? మనం తిని వదిలేసిన అన్నం. కంచాలు కడిగే ముందు మనందరం అక్కడికి పోయి విదిలిస్తాం. పైన ఎండిపోయి కనిపిస్తుంది. కర్రతో కెలికితే కింద తడిగా, పురుగులతో కదులుతోంది. పక్క మట్టి తవ్వితే గోధుమ రంగు గూళ్లు గుప్పెళ్లతో వచ్చాయి. ఆ ఈగల్ని పెంచింది వంట అక్కలు కాదు, మనం. రోజుకు మూడు పూటలా మేత వేసి పెంచాం. తమ్ముడి జబ్బుకు ఈ కుప్పే కారణమని తేల్చి చెప్పలేం గానీ, వంట అక్కల గురించి నేను అన్న మాట తప్పు. ఆ సాయంత్రం వాళ్ల దగ్గరికి పోయి ఆ మాట చెప్పాను. ఇప్పుడు ఈ గోడ మీద కూడా రాస్తున్నాను.

అందుకే ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. సీసా ఈగల్ని చంపేస్తుందని మురిసిపోవద్దు. సీసాలో వంద పడితే కుప్పలో వెయ్యి పుడుతుంటాయి. సీసా చేసే పెద్ద పని, ఈగలు ఎక్కడ పుడుతున్నాయో చూపించడం. అది చూపించిన చోటికి పోయి పుట్టుక ఆపాలి. అప్పుడే మిగిలినవాటిని సీసా పట్టగలుగుతుంది.

ఈ రెండూ కలిపి చేస్తే రోగాలు తగ్గుతాయా? తగ్గుతాయి. 1988లో ఇజ్రాయెల్ దేశంలో సైనిక శిబిరాల్లో పరీక్షించి చూశారు. ఎర పెట్టిన ఉచ్చులతో గట్టిగా ఈగల్ని అదుపు చేసిన చోట ఈగలు 64 శాతం తగ్గాయి. విరేచనాలని వైద్యం కోసం వచ్చేవాళ్లు 42 శాతం తగ్గారు. షిగెల్లా అనే క్రిమి వల్ల వచ్చే విరేచనాలు 85 శాతం తగ్గాయి. మందుబిళ్ల వేయకుండానే ఇంత తగ్గింది.

7 రోజుల లెక్క

గుడ్డు ఈగ కావడానికి కనీసం 7 రోజులు పడుతుందని చెప్పుకున్నాం. అంటే వారానికి రెండుసార్లు కుప్ప తీసేస్తే అక్కడ పుట్టిన ఏ పురుగుకూ రెక్కలు రావు. మనం బుధవారం, ఆదివారం పెట్టుకున్నాం.

చింతచెట్టు కింద కుప్ప మొత్తం తీసి, దూరంగా మోకాలి లోతు గుంటలో వేసి, పైన మట్టి వేసి గట్టిగా తొక్కాం. వదులు మట్టి వేస్తే లాభం లేదు. కొత్తగా పుట్టిన ఈగ వదులు మట్టిని తోసుకుని బయటికి రాగలదు. ఇప్పుడు మిగిలిన అన్నం వేయడానికి మూత ఉన్న డ్రమ్ము పెట్టారు. పశువులున్న ఊరివాళ్లు ఏ రోజుది ఆ రోజు తీసుకుపోతున్నారు. కూరగాయల తొక్కులు ఎరువు గుంటలోకి పోతాయి. వేసినప్పుడల్లా పైన మట్టో, ఎండాకో కప్పాలి. వారానికోసారి తిరగేస్తే లోపలి వేడికి పురుగులు చస్తాయి. గంజి కాలువను రోజూ చీపురుతో తోసి ఎండనిస్తున్నారు. ఎండిన చోట ఈగ పురుగు బతకదు.

మూడు వారాల తర్వాత చింతచెట్టు సీసాలో ఈగల్ని వేళ్ల మీద లెక్కపెట్టగలిగాం. ఆ సంగతి చెప్తే వంట పెద్దక్క "మీరు నేర్చుకోవడానికి మాకు తిట్లు కావాల్సి వచ్చాయి" అని నవ్వింది.

పాదుల దగ్గర ఈగ

మన తోటలో బీర, కాకర, సొర పిందెలు వంకర తిరిగి, పసుపెక్కి రాలిపోవడం చూశారు కదా. కోసి చూస్తే లోపల తెల్లటి పురుగులు. ఇది కూడా ఈగ పనే, కానీ ఇంటి ఈగ కాదు. పండు ఈగ అంటారు. లేత కాయకు సూదిలాంటి అవయవంతో గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది. పురుగు కాయ గుజ్జు తిని, కాయ రాలాక నేలలోకి దిగి గూడు కడుతుంది.

దీనికి కూడా సీసానే. మగ్గిన అరటిపండు, బెల్లం, నీళ్లు కలిపి పులియబెట్టి పందిరికి కాయల ఎత్తులో వేలాడదీయాలి. ఇక్కడ చేప ఎర బదులు పండు ఎర పెడతాం కాబట్టి తేనెటీగలు పడుతున్నాయేమో రోజూ చూసుకోండి. పడితే బెల్లం తగ్గించి బాగా పులిసిన పండే పెట్టండి. మామిడిని పాడుచేసే పండు ఈగకు తులసి ఆకు నలిపి పెడితే మగ ఈగలు వస్తాయి. తులసిలో వాటిని లాగే మిథైల్ యూజినాల్ అనే పదార్థం ఉంది. ఆడవి రావు. అందుకే ఇక్కడ కూడా సీసా ఒక్కటే చాలదు. రాలిన కాయల్ని ఏ రోజుకారోజు ఏరి లోతుగా పాతిపెట్టాలి. చెట్టు కింద వదిలేస్తే వచ్చే వారం ఈగల్ని మనమే పెంచుతున్నట్టు. పిందెలకు పాత కాగితం సంచి తొడిగితే ఇంకా మంచిది. రెడి చేసిన గుడ్డ మూత పనే ఇది.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు

మన ఇళ్లలో పశువుల సాల ఇంటికి ఆనుకునే ఉంటుంది. పెంటకుప్ప వాకిటి పక్కనే. ఈగకు ఇంతకంటే మంచి చోటు లేదు. పెంటకుప్పను ఇంటి నుంచి దూరంగా గుంటలోకి మార్చి, పైన మట్టి కప్పమని నాన్నకు చెప్పండి. ఎరువు సారం కూడా పోకుండా ఉంటుంది. సంటిపాప కళ్ల మీద ఈగలు వాలుతుంటే తోలేసి, శుభ్రమైన నీళ్లతో మొహం కడగండి. అంబలి కుండకు మూత పెట్టండి. పనసకాయ కోసిన చోట పీచు, తొక్క అలాగే వదలొద్దు, పశువులకు వేయండి లేదా పాతండి. బయలుకు పోవడం మాని మరుగుదొడ్డి వాడమని పెద్దవాళ్లకు చెప్పడం మనకు సిగ్గుగా ఉంటుంది. తమ్ముడి నాన్న ఆసుపత్రిలో నేల మీద కూర్చున్నది తలుచుకుంటే నాకు సిగ్గు పోయింది. చెప్పాను.

ఎవరికైనా విరేచనాలు అయితే: లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగిస్తూ ఉండాలి. చెంచా టీ చెంచా, తల కొట్టి కొలవాలి. ఓఆర్ఎస్ పొట్లం ఉంటే ఇంకా మంచిది. రక్తం పడినా, కళ్లు లోపలికి పోయినా, తాగింది తాగినట్టు కక్కుతున్నా ఆలస్యం చేయకుండా ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోవాలి.

వార్డెన్ సార్‌కు మనవి

సార్, మరుగుదొడ్ల గొట్టాలకు జాలీలు, భోజనాల గది కిటికీలకు దోమతెర గుడ్డ కావాలి. గుడ్డ తెప్పిస్తే కుట్టి బిగించే పని మేమే చేసుకుంటాం. మిగిలిన అన్నం డ్రమ్ము మూత విరిగింది, అది కూడా చూడగలరు.

మిత్రులకు ఒక్క మాట. తినగలిగినంతే పెట్టించుకోండి. చింతచెట్టు కిందికి ఎవరూ కంచం పట్టుకుని పోవద్దు. ఖాళీ సీసాలు పారేయకుండా 9వ తరగతి గదిలో మూలనున్న పెట్టెలో వేయండి.

తమ్ముడు ఇప్పుడు బాగున్నాడు. ఆదివారం సీసాలు లెక్కపెట్టే పని వాడిదే. ఎవరికీ ఇవ్వడు. వాడి ప్రశ్నకు జవాబు చెప్పాను. "అది చిన్నదేరా, దాన్ని మన దాకా మోసుకొచ్చింది మనమే" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "అయితే మోయడం మానేద్దాం అన్నా" అన్నాడు.

లెక్క ప్రతి ఆదివారం ఈ గోడ పత్రిక కింద అంటిస్తాం. చూడండి. ఏ సీసాలో పెరిగితే ఆ చోటికి చీపురు, పార పట్టుకుని రండి.

– 9వ తరగతి విద్యార్థి, సైన్సు క్లబ్బు తరఫున